మా కుక్కకు డెంగీ అని చెప్పుకున్నాం

ఇది మహా యుద్ధగాథ. ఇందులో సైన్యాలు కూలిపోతాయి. కోటలో దూరిన శత్రువు వేళ్లూనుకుంటాడు. విషం ఎక్కించుకుని కూడా వీరుడు తోక ఊపుతాడు. ఒక వంశం పరువు మెట్ల మీద నిలబడి గడగడ వణుకుతుంది. కాస్త సర్దుకుని కూర్చోండి.

సరే, అంత లేదు. సైన్యమంటే తెల్ల రక్తకణాలు. కోట అంటే మా కుక్క. శత్రువు దూరిన చోటేదో చెప్పడానికి మా ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు. జరిగినదంతా ఆ నోరు రాకపోవడం వల్లే జరిగింది.

కుక్క పేరు రాయను. మనుషుల పేర్లూ రాయను. మనుషులకు పరువుందని కాదు, కుక్కకు ఉందని.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీంచి లోపలికొచ్చి, హాస్టళ్ల బోర్డులన్నీ దాటాక తగిలే ఒక గల్లీలో, మొదటి అంతస్తులో మేం కిరాయికుంటాం. మేమంటే అమ్మ, నాయిన, నేను, కుక్క. నేను ఒక కోచింగ్ సెంటర్లో ముందు బల్ల దగ్గర కూర్చుని, "కొత్త బ్యాచ్ ఎప్పుడు మేడమ్?" అని అడిగినవాళ్లకు "సోమవారం" అని చెబుతాను. ఏ రోజు అడిగినా సోమవారమే. నాయిన నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి బతుకంతా బస్సు నడిపాడు. ఇప్పుడు కాలనీ సంఘంలో సహాయ కార్యదర్శి. ఆ పదవికి జీతం లేదు, మైకు ఉంది. మైకిచ్చాక జీతం అడిగే మనిషి కాదు మా నాయిన.

కింది అంతస్తులో ఓనరాంటీ ఉంటుంది. గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆమెకున్న ముద్దూమురిపెం అంతా డాబా మీద సిమెంటు తొట్టిలో పెంచే తామర మీదా, మా కుక్క మీదా, గేటు దగ్గర రోజూ అన్నం పెట్టే ఒక గోధుమరంగు వీధికుక్క మీదా ఖర్చవుతుంది. మాకు ఇల్లు కిరాయికిచ్చింది కూడా మా కుక్కను చూసే అని నా అనుమానం. మమ్మల్ని చూసి ఎవరూ ఇవ్వరు.

కుక్క జాతి విషయంలో రెండు వాదనలున్నాయి. నాయిన ల్యాబ్రడార్ అంటాడు. చూసినవాళ్లు ఏమీ అనరు. దాన్ని ఆయన అచ్చం నన్ను పెంచినట్టే పెంచాడు. పొద్దుగూకేలోపు ఇంట్లో ఉండాలి, శనివారం నీచు ముట్టకూడదు, చెప్పకుండా గేటు దాటకూడదు. ఇద్దరిలో అదే మాట విందని ఆయన నమ్మకం. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవాడు.

"మావోడు బ్రహ్మచారి. ఆడకుక్క మొకం గూడ చూడడు."

ఆ మాట అన్నప్పుడల్లా కుక్క గోడ వైపు చూసేది. అనుమానం అప్పుడే రావాల్సింది.

ఆ వానాకాలంలో నేల మీద అక్కడక్కడ రక్తపు చుక్కలు కనబడటం మొదలైంది. మా అమ్మ దృష్టిలో లోకంలో ఉన్న జబ్బులు రెండే. ఒకటి వేడి చేయడం, రెండోది దిష్టి తగలడం. ముందు సబ్జా నీళ్లు తాగించింది, తర్వాత మిరపకాయలు తిప్పి పారేసింది. చుక్కలు ఆగలేదు. అప్పుడు ముగ్గురం కుక్కను ఆటోలో వేసుకుని ఎల్బీనగర్‌లో ఒక కుక్కల దవాఖానకు పోయాం.

అక్కడ డాక్టరమ్మ గదికీ, జనం కూర్చునే చోటుకీ మధ్య చెక్క అడ్డం ఉంది. అది సీలింగ్ దాకా ఉండదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మేం అప్పుడు గమనించలేదు. డాక్టరమ్మ కుక్కను పక్కకు పడుకోబెట్టి, పొట్ట కింద చర్మం వెనక్కి లాగి చూపించింది. ఎర్రగా, పువ్వు పువ్వుగా, ముట్టుకుంటే రక్తం కారేలా ఒక గడ్డ. అచ్చం గోబీపువ్వు. ఆ రోజు నుంచి మా అమ్మ గోబీ కొనలేదు. ఎందుకని మేమూ అడగలేదు.

"ట్యూమర్ సార్ ఇది."

"క్యాన్సరా మేడమ్?" నాయిన గొంతు సన్నబడింది.

"అట్లాంటిదే. కానీ మంచిగ తగ్గే రకం. కుక్కలు కలిసినప్పుడు ఒకదానికెల్లి ఇంకోదానికి అంటుకుంటది."

క్యాన్సర్ అన్న మాటకు నిలబడే ఉన్న మనిషి, కలిసినప్పుడు అన్న మాటకు కూర్చుండిపోయాడు.

"మావోడు గేటు దాటడు మేడమ్."

"దాటిండు సార్."

"లేదు మేడమ్. నా చేతుల మీద పెంచిన. నాకెర్కలేదా?"

"దాటిండు సార్," అంది ఆమె మళ్లీ, ఇంకాస్త గట్టిగా. నాయినకు చెవుడేమో అనుకున్నట్టుంది.

చెక్క అడ్డానికి అవతల ఎవరో దగ్గారు. మనిషే. కుక్క దగ్గు వేరేగా ఉంటుంది.

తర్వాత ఆమె వైద్యం చెప్పింది. వారానికొకసారి నరంలోకి ఇంజెక్షన్. మనుషుల క్యాన్సర్‌కు వాడే మందుల్లో అదొకటి. తొందర తొందరగా పెరిగే కణాలను చంపడమే దాని పని. అవి గడ్డవా, సొంతవా అన్న తేడా దానికి తెలియదు. ఎముకల మూలుగలో రోజూ పుట్టే తెల్లకణాలు కూడా తొందరగా పెరిగేవే కాబట్టి వాటినీ కొడుతుంది. ఇంజెక్షనయ్యాక కొన్ని రోజులకు అవి బాగా పడిపోతాయి, మళ్లీ మెల్లగా లేస్తాయి. అందుకే ప్రతి ఇంజెక్షన్‌కు ముందు రక్తం పరీక్ష చేయాలి.

"కణాలు మరీ పడిపోతే మందు ఇయ్యలేం సార్. మధ్యల ఆపితే గడ్డ మొండికేస్తది. రెండిటి నడుమ నడిపియ్యాలె."

ఇది నాయినకు అర్థమైంది. బతుకంతా ఆయన చేసింది రెండు లారీల నడుమ బస్సు నడపడమే.

"పచ్చివి ఏం పెట్టకుండ్రి. గుడ్డయినా, మాంసమైనా మంచిగ ఉడకబెట్టాలె. కణాలు తక్కువున్నప్పుడు చిన్న క్రిమి చాలు, పానం తీస్తది."

మొదటి ఇంజెక్షన్ ఇప్పించుకుని ఇల్లు చేరేసరికి ఓనరాంటీ గేటు దగ్గరే నిలబడి ఉంది.

"ఏమన్నారు వదినగారూ డాక్టరు? ఏంటి జబ్బు?"

మా అమ్మ చేతిలో రక్తపరీక్ష కాగితం. మాట కోసం దాని వంక చూసింది. సీజను వర్షాకాలం. మా గల్లీలో అక్షరం రానివాళ్లకు కూడా ప్లేట్‌లెట్లంటే తెలుసు.

"డెంగీ అంట వదినె," అంది.

"అయ్యో! కుక్కలకి కూడా వస్తుందా అండీ?"

ఒక్కరైనా నిజం చెప్పడానికి అక్కడ ముగ్గురం ఉన్నాం. నాయిన గొంతు సవరించుకుని, "ఒస్తది చెల్లె. గిప్పుడన్నిటికీ ఒస్తది," అన్నాడు. ఆంటీ నా వైపు తిరిగింది.

"దోమలకు తేడా తెలీదాంటీ," అన్నాను నేను.

జోకేశాననుకున్నాను. ఆంటీ తలూపింది. దాంతో అబద్ధానికి మూడో సంతకం పడింది.

పైకొచ్చి తలుపేశాక నాయిన అమ్మ మీద పడ్డాడు. "డెంగీ ఏందే? ఇంకోటేం దొర్కలేదా?"

"మరి నువ్వు చెప్పకపోయినవ్, అసలుది? నాలుకనే నీకు లేదాయె?"

నాయిన కుక్క వైపు చూశాడు. కుక్క గోడ వైపు చూసింది.

అబద్ధం మా గేటులోపలే ఉండిపోతే ఇది రాసే పనే ఉండేది కాదు. అది మూడు రోజులు తిరక్కుండా కాలనీ సంఘం దాకా పోయింది. కుక్కకే డెంగీ వచ్చిందంటే రేపు పిల్లల గతేమిటని జనం పరేషానై మీటింగ్ పెట్టమన్నారు. మీటింగంటే మైకు ఎవరి చేతిలో ఉంటుందో చెప్పాను కదా. నాయిన దోమల మీద మాట్లాడాడు. నిలవ నీళ్లు, పాత టైర్లు, కూలర్లు, పూలకుండీలు. బాగా మాట్లాడాడు, అదే ఘోరం. చెమట కారిపోతుంటే జనం అది ఆవేదన అనుకున్నారు. నేను వెనక వరసలో కూర్చుని చెప్పుల వంక చూసుకున్నాను. నాకు తెలిసి ఆ రోజు ఆ హాల్లో ఒక్క దోమ కూడా తప్పు చేయలేదు.

గల్లీ అంతా డ్రమ్ములు బోర్లించారు. పొగ మిషన్ వచ్చింది. పొగకు మా కుక్క తుమ్మింది. తుమ్మితే నలుగురు, "పాపం, డెంగీ" అన్నారు.

మర్నాడు బట్టలారేయడానికి డాబా మీదికి వెళ్తే, ఓనరాంటీ చీర కుచ్చిళ్లు దోపుకుని తామరతొట్టిని ఖాళీ చేస్తోంది. బురదలో ఆకులు చేటల్లా పడి ఉన్నాయి. వాటి మధ్య ఒక మొగ్గ ఉంది. అది వస్తుందని ఆమె ఎండాకాలం నుంచి మాకు చెబుతూనే ఉంది.

"ఆంటీ, మొగ్గుంది కదా. ఉండనీయండి."

"వాడి ప్రాణం కంటే ఎక్కువా అమ్మా మొగ్గ? మళ్లీ ఇంకో దోమ కుడితే తట్టుకుంటాడా?"

నా దగ్గర ప్రతిదానికీ ఒక జోకు ఉంటుంది. అప్పుడు లేదు. బట్టలారేసే క్లిప్పు ఒకటి నోట్లో పెట్టుకుని కిందికొచ్చేశాను. ఇంట్లోకి వచ్చాక కూడా చాలాసేపు అది నోట్లోనే ఉంది.

ఆ తర్వాత బొప్పాయి ప్రవేశించింది. డెంగీ అంటే బొప్పాయి ఆకు రసం, మా దగ్గర అది చర్చకు వచ్చే విషయం కాదు. ప్రహరీ పక్కన ఆంటీకి బొప్పాయి చెట్టుంది. మొదటి గ్లాసు స్వయంగా పైకి తెచ్చిచ్చింది. అమ్మ దాన్ని వెనక సింకులో పోసి గ్లాసు కడిగిచ్చింది. అంత తొందరగా ఖాళీ అయిందని ఆంటీ మురిసిపోయి, "రోజూ మీకెందుకు శ్రమ, నేనే తాగిస్తాలెండి" అంది. మధ్యాహ్నం అమ్మ నడుం వాల్చే వేళకు కుక్క మెట్లు దిగి కిందికి పోయేది. రసం చేదుకు నోరు తెరవడం లేదని ఆమె అందులో పచ్చి కోడిగుడ్డు కొట్టి కలిపిందన్న సంగతి మాకు తెలియదు.

రెండో ఇంజెక్షన్ ముందు రక్తపరీక్షలో తెల్లకణాలు తగ్గాయి. తగ్గుతాయని చెప్పిందే. ప్లేట్‌లెట్లు మాత్రం కొంచెం పెరిగాయి. ఈ మందుతో ఒక్కోసారి అవి పెరుగుతాయని డాక్టరమ్మ చెప్పి, రెండోదీ ఇచ్చింది. గేటు దగ్గర ఆంటీ అడగనే అడిగింది.

"ప్లేట్‌లెట్లు ఎలా ఉన్నాయి అన్నయ్యగారూ?"

నాయిన మొహం విప్పారింది. ఎన్నాళ్లకో ఆమెకు చెప్పడానికి ఒక నిజం దొరికింది.

"పెరిగినయ్ చెల్లె! మంచిగ పెరిగినయ్."

"చూశారా! నే చెప్పలే? ఆకు మహిమండీ ఇది."

మర్నాటి నుంచి ఆకు రెట్టింపు, గుడ్డూ రెట్టింపు. మేం చెప్పిన అబద్ధాలన్నీ కలిపి చేసిన చెడుపు కంటే ఆ ఒక్క నిజం చేసిందే ఎక్కువ.

మూడో ఇంజెక్షన్ వేళకు కుక్క లేవలేదు. విరేచనాలు. చెవులు కాలిపోతున్నాయి. గిన్నె ముందు పెడితే మా మర్యాద కోసం అన్నట్టు ఒకసారి నాకి, తల వాల్చేసింది. నాయిన దాన్ని భుజాన వేసుకుని మెట్లు దిగాడు. ఎల్బీనగర్‌లో రక్తం తీసి చూస్తే తెల్లకణాలు అడుగంటాయి.

"మందు ఇయ్యను సార్. ఇప్పుడిస్తే బతకదు," అంది డాక్టరమ్మ. "ఏం పెడుతున్రు దీనికి?"

"అన్నం మేడమ్. ఉడకబెట్టిన కోడి."

అప్పుడు కుక్క తన వాంగ్మూలం తనే ఇచ్చింది. టేబుల్ మీద వాంతి చేసుకుంది. పచ్చగా, మధ్యలో జిగురుజిగురుగా పచ్చసొన. డాక్టరమ్మ దాన్ని చూసి, మమ్మల్ని చూసింది.

"ఇది ఉడికిందా సార్?"

మా ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, బొప్పాయి గురించి, కింది వదినె గురించి చెప్పింది. డెంగీ గురించి చెప్పలేదు.

"జరం తగ్గడానికి సూది ఇస్తున్న, సెలైన్ పెడుతున్న. పచ్చి గుడ్డు పెట్టినోళ్లకు మీరు ఎట్ల చెప్పుకుంటరో చెప్పుకోండ్రి. ఇంకోసారి లోపలికి పోయిందంటే నేను చేసేది ఏం ఉండది."

ఆటో కొత్తపేట దాటింది. కుక్క నాయిన ఒళ్లో ఉంది. దాని తల బరువుకు ఆయన చెయ్యి తిమ్మిరెక్కినట్టుంది, అయినా తీయలేదు.

"ఎవలు చెప్తరు ఆమెకు?" అన్నాడు చివరికి.

"డాక్టర్ వద్దన్నదని చెప్తే సరిపోతది," అంది అమ్మ.

అదీ చేసింది. గేటు దగ్గరే చెప్పింది. ఆంటీ కొట్టిపారేసింది. "డాక్టర్లు ఆకులూ అలములూ ఎప్పుడు ఒప్పుకున్నారు వదినగారూ? మా వారికి డెంగీ వచ్చినప్పుడూ ఇలాగే వద్దన్నారు. నేను మానలేదు, ఆయన లేచి కూర్చున్నారు. ప్లేట్‌లెట్లు పెరిగాయని అన్నయ్యగారే అన్నారుగా?" ఆమె దగ్గర ఋజువుంది. ఇచ్చింది మేమే.

ఇంక మిగిలింది నిజమే. "నువ్వు చెప్పు. నీకు నోరుంది గద," అని నన్ను దింపారు.

ఆంటీ మెట్ల కింద రోట్లో ఆకు నూరుతోంది. కుక్క నాకంటే ముందే దిగిపోయి ఆమె పక్కనే పడుకుని ఉంది. నేను కింది మెట్టు మీద నిలబడి, "ఆంటీ, వాడికి డెంగీ కాదు. సుఖవ్యాధి లాంటిది. ఆడకుక్కతో తిరిగి తెచ్చుకున్నాడు," అన్నాను.

ఆంటీ రోకలి ఆపింది. నన్ను చూసింది. తర్వాత పడీపడీ నవ్వింది.

"నీ దుంపతెగ! ఆడపిల్లవి, ఏం మాటలే అవి!"

"జోక్ కాదాంటీ. ఒట్టు."

"మొహం చూడు ఎలా పెట్టిందో! కొంచెం కూడా నవ్వు రానివ్వదు." కళ్లు తుడుచుకుని మళ్లీ నూరడం మొదలెట్టింది.

మొహంలో నవ్వు రాకుండా జోకులేయడం నా గొప్ప అనుకుంటూ పెరిగాను. ఆ రోజు నా మొహంలో నిజం పట్టలేదు. నా కళ్లముందే ఆకు నలుగుతోంది, పక్కన గిన్నెలో గుడ్డుంది, నేను నోరు తెరిస్తే ఆమె నవ్వుతోంది. అంత సిగ్గు నాకు అంతకుముందు తెలియదు. గుడ్డు లాక్కుని పారిపోదామా అనుకున్నాను. ఆ ఆలోచన కూడా జోకులాగే ఉంది.

అప్పుడు నాయిన దిగి వచ్చాడు. లుంగీ మీదికి చొక్కా వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని వచ్చాడు. మీటింగుకు పోయేటప్పుడు కూడా పై గుండీ పెట్టడు.

"చెల్లె, జర ఆ గుడ్డు పక్కకు పెట్టు."

"మీరు కూడా ఏంటి అన్నయ్యగారూ..."

"బిడ్డ చెప్పింది నిజమే. డెంగీ గాదు. ఎన్నడూ గాదు." ఆయన ఆమెను చూడటం లేదు, గేటు గడియను చూస్తున్నాడు. "మావోడు బయట తిరిగిండు. దాంతోని గక్కడ గడ్డయింది. దానికి క్యాన్సర్ మందు ఎక్కిస్తున్రు. ఆ మందుకు ఒంట్లె తెల్లకణాలు సస్తయి. పచ్చి గుడ్డు తింటే తట్టుకోడు. చెప్పనీకి సిగ్గయింది చెల్లె. మైకు పట్టుకుని దోమలని అన్న. నీ తామరతొట్టి గూడ నా మాటకే పోయె."

ఆంటీ చేతిలో రోకలి అలాగే ఉంది. తామర గురించి తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె తిట్టలేదు. చాలా చిన్న గొంతుతో అడిగింది.

"బయట తిరిగితేనే వస్తుందా అండీ? ఇంకెలాగూ రాదా?"

"తిరిగితేనే అన్నది డాక్టరమ్మ. గదే నాకు సమజైతలేదు. గేటు దాటడు గద మావోడు."

ఆంటీ పైట సర్దుకుంది. అవసరం లేకపోయినా ఇంకోసారి సర్దుకుంది.

"దాటతాడండీ."

"ఎట్ల?"

"మధ్యాహ్నం మీరంతా పడుకున్నాక గేటు దగ్గర కూర్చుని ఒకటే మూలుగు. నాకు ప్రాణం ఒప్పేది కాదు. గడియ తీసేదాన్ని. కాసేపు తిరిగి, బుద్ధిగా వచ్చేసేవాడు. ఆ గోధుమరంగు దాంతోనే... నేను అన్నం పెట్టేదాంతోనే." ఆమె తల ఎత్తలేదు. "మీరు వచ్చినవాళ్లందరికీ బ్రహ్మచారి అని చెబుతుంటే, తలుపు వెనకాల సిగ్గుతో చచ్చేదాన్ని అన్నయ్యగారూ. చెబితే మీరు ఇల్లు ఖాళీ చేస్తారేమోనని..."

అలా ఒక మెట్ల కింద ముగ్గురం, ఎవరి సిగ్గు వాళ్లం పట్టుకుని నిలబడ్డాం. పైమెట్టు మీద అమ్మ కొంగు కనబడుతోంది, అంటే నలుగురం. అప్పుడే కుక్క లేచి, ఒళ్లు విరుచుకుని, నేరుగా గుడ్డు గిన్నె వైపు నడిచింది. ముగ్గురం ఒకేసారి వంగాం. తలలు గుద్దుకున్నాయి. గిన్నె మాత్రం నాకు దొరికింది. మా ఇంటి చరిత్రలో నేను చేసిన ఒకే ఒక్క పనికొచ్చే పని అది.

జ్వరం తగ్గింది. కొన్నాళ్లకు తెల్లకణాలు లేచాయి. డాక్టరమ్మ మోతాదు కాస్త తగ్గించి ఇంజెక్షన్లు మళ్లీ మొదలుపెట్టింది. గోబీపువ్వు వారం వారం ముడుచుకుపోతోంది. గోధుమరంగు దానికీ అదే గడ్డ ఉందని తేలింది. దానికి రక్తం కారడం ఆంటీ ముందే చూసిందట, ఎదకొచ్చిందేమో అనుకుందట. ఇప్పుడు రెండూ ఒకే ఆటోలో పోతాయి. ఆ చివర ఆంటీ, ఈ చివర అమ్మ, రెండు కుక్కల నడుమ నాయిన. కాపలా కాయాల్సినప్పుడు కాయనిది ఇప్పుడు కాస్తున్నాడు. దవాఖానలో ఎవరైనా "మీ దానికేమైంది?" అంటే, "గడ్డ" అంటాడు. "ఎక్కడ?" అంటే "ఎల్బీనగర్‌లనే చూపిస్తున్నం" అంటాడు. అంతవరకే వచ్చింది మా ధైర్యం.

కాలనీకి మాత్రం మేం చెప్పలేదు. ఆ వానాకాలం మా గల్లీలో ఎవరికీ డెంగీ రాలేదు. సంఘం వాళ్లు నాయినను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ఆంటీ ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది, నాయిన ఆమె వైపు చూడలేక మైకు వైపు చూశాడు. ఆ శాలువా ఇప్పుడు కుక్క కింద ఉంది. ఆయనే పరిచాడు.

తామర దుంపను ఆంటీ మళ్లీ తొట్టిలో పెట్టింది. పొద్దున డ్యూటీకి పోయేముందు డాబా ఎక్కి నేనే నీళ్లు పోస్తున్నాను. ఇంకా ఆకు రాలేదు. ఆమె ఏమీ అనదు. "వస్తుందిలే" అని కూడా అనదు. నేనూ "సోమవారం" అనను.

రేపు శనివారం, రెండు కుక్కలకీ రక్తపరీక్ష ఉంది. ల్యాబ్ ఆదివారం తెరవదు కాబట్టి పదకొండు లోపే నమూనా ఇవ్వాలి.